కొర్లమ్మను అడగని ప్రశ్న

ఆగస్టు పదకొండో తేదీ ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు చోడిపిల్లి కొర్లమ్మ చనిపోయింది. వయసు యాభై ఎనిమిది. హైదరాబాద్ శివార్లలోని ఒక పరిశోధన ఆసుపత్రిలో, మూడో అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం మీద. కూతురు నూకరత్నం ఆ సమయంలో అక్కడే ఉంది. కొర్లమ్మ జబ్బు ఊపిరితిత్తుల కేన్సర్. చావుకు కారణం అది కాదు.

కొర్లమ్మది భీమిలి దగ్గర మత్స్యకారుల పేట. పడవలు ఒడ్డుకు రాగానే వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తి, ఊళ్ళ మీద తిరిగి అమ్మేది. భర్త ఎప్పుడో పోయాడు. నూకరత్నం ఒక్కతే కూతురు. డిగ్రీ చదివి విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తోంది. చలికాలంలో మొదలైన తల్లి దగ్గు వేసవి వచ్చినా తగ్గలేదు. మొదట నెమ్ము అన్నారు. తర్వాత టీబీ మందులు వాడించారు. చివరికి స్కాన్ తీసి, కుడి ఊపిరితిత్తిలో కణితి ఉందని, ఆపరేషన్‌కు లొంగే చోట లేదని చెప్పారు. హైదరాబాద్‌లో జాడ అనే యంత్రం ఉంది, కణితికి ఏ మందు పని చేస్తుందో అదే చెబుతుంది, అక్కడికి తీసుకెళ్ళండి అన్నారు.

జూన్ రెండో వారంలో తల్లీకూతుళ్ళు వచ్చి చేరారు.

వార్డు బయట వరండాలో రోగుల వెంట వచ్చినవాళ్ళు చాపలు పరుచుకుని ఉంటారు. నూకరత్నం పక్క చాప ఆదెమ్మది. ఊరు నరసరావుపేట దగ్గర. ఆమె భర్త అదే వార్డులో ఉన్నాడు.

"మీ అమ్మకి అలవాట్లేమన్నా ఉన్నయ్యా?" అని ఆదెమ్మ అడిగింది.

"ఏం అలవాట్లు?"

"అదే, పొగ తాగటం. మా ఆయనకి బీడీలు. దాచుకోలా, ఉన్నదున్నట్టు చెప్పేశాం. ఏమైంది? మా తరవాత వచ్చినోళ్ళకి తీసిన కణితి ముక్కలు జాడలోకి ఎక్కినయ్. మాది ఇంకా ఎక్కలా. తాగినోళ్ళని వెనక్కి నెడతన్నారంట."

"ఎవరు చెప్పారండీ?"

"అందరూ అంటన్నారు."

ఆదెమ్మ భర్త ఊపిరితిత్తి నుంచి తీసిన ముక్క పరీక్షకు చాలలేదు. రెండోసారి తీయాల్సి ఉంది. ఆలస్యానికి కారణం అంతే. ఆ సంగతి ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

కొర్లమ్మ చుట్ట తాగుతుంది. ఆ తీరంలో ఆమె ఈడు ఆడవాళ్ళు చాలామంది తాగినట్టే అడ్డచుట్ట తాగుతుంది. అంటే వెలిగించిన కొస నోటి లోపల పెట్టుకుని. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి చుట్ట ముట్టలేదు. నూకరత్నం తల్లిని క్యాంటీన్‌కు తీసుకెళ్ళి టీ ఇప్పించింది.

"అమ్మా, సుట్ట సంగతి ఇక్కడ ఎత్తకు."

"ఏటే?"

"తాగినోళ్ళకి మందియ్యరంట."

"మరి తాగనోళ్ళకి ఈ రోగమెందుకొచ్చినాదంట? ఆ బెంగుళూరు పిల్ల, మన మూల మంచం మీదుందే, అదేటి తాగినాది?"

"నాకు తెల్దు. నువ్వేటీ మాటాడకు. అడిగితే నేను సెప్తాను."

కొర్లమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ నోట్లో నిప్పెట్టుకుని నోరు మూసుకునే కదే నడిసినాను. ఇప్పుడు మూసుకోడానికి నాకేటి కష్టం?" అని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. నూకరత్నం వీపు రాసింది.

జాడ విభాగానికి అధిపతి డాక్టర్ కందాళ వైదేహి. యంత్రం రూపకల్పనలో ఆమె మొదటినుంచీ ఉంది. కొత్త రోగుల వివరాలు ఆమే స్వయంగా అడుగుతుంది. కొర్లమ్మ, నూకరత్నం ఆమె ఎదుట పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. గదిలో ఒక గాజు తొట్టి, అందులో రంగు చేపలు ఉన్నాయి. కొర్లమ్మ వాటిని చూస్తోంది.

వైదేహి ప్రశ్నలన్నీ కూతుర్ని అడిగింది. అక్కడ అదే పద్ధతి. పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మాట డాక్టర్లకు తొందరగా అందదు, డాక్టర్ల మాట వాళ్ళకు అందదు. చదువుకున్న పిల్లలు పక్కనుంటే పని త్వరగా అవుతుంది.

"పొగ అలవాటు ఉందా?"

"లేదు మేడం."

"గతంలో ఎప్పుడైనా?"

"లేదు మేడం."

"రత్తీ," అంది కొర్లమ్మ. నూకరత్నం తల తిప్పింది. "ఈ సేపలు ఒక్కటీ కూరకి పనికిరావు. ఎందుకు పెంచుతన్నారో అడుగు." వైదేహి నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది.

గొంతులోంచి గొట్టం పంపి కణితి ముక్క తీసిన రోజు, మత్తు డాక్టరు కొర్లమ్మ అంగిలి మీద తెల్ల మచ్చలు, వాటి మధ్య ఎర్ర చుక్కలు చూశాడు. అతనిది పంజాబ్. అలాంటివి ఎప్పుడూ చూడలేదు. బయటికి వచ్చి అడిగాడు. వేడి వేడి టీ తాగుతుందని నూకరత్నం చెప్పింది. అతను అలాగే రాశాడు.

ముక్కను యంత్రంలోకి ఎక్కించే పని ఫరీద్‌ది. పాతబస్తీ వాడు. జాడ దగ్గర మొదటినుంచీ అతనే పని చేస్తున్నాడు. మర్నాడు మధ్యాహ్నం అతను వైదేహికి ఫోన్ చేశాడు.

"మేడం, ఒకసారి రండి. కొర్లమ్మ గారి రీడింగ్ తేడా కొడుతుంది."

కణంలో వేల జన్యువులు ఉంటాయి. అన్నీ ఒకేసారి పని చేయవు. ఏవి పని చేస్తున్నాయి, ఏవి ఆగాయి, పని చేసేవి ఎంత జోరు మీద ఉన్నాయి అన్నది జాడ కొలుస్తుంది. తెర మీద ఒక్కో జన్యువుకు ఒక్కో గీత. జోరు ఎంత ఉంటే గీత అంత పొడుగు. కణితిని నడిపిస్తున్న జన్యువు ఏదో తేలితే దాన్ని ఆపే మందు ఎంచుకోవచ్చు.

ఫరీద్ తెర మీద ఒక వరస చూపించాడు. "ఇది చూడండి. ఇవన్నీ పొగ గీతలు. ఇంత ఎత్తున ఉన్నయ్. ఈమె తాగుతది మేడం."

"తాగదంటున్నారు."

"మిషన్ తాగుతది అంటుంది మరి."

పొగ తాగేవారి ఊపిరి గొట్టాల్లో కొన్ని జన్యువులు ఎప్పుడూ జోరు మీదే ఉంటాయి. అది కణితి పని కాదు, పొగ పని. రోగి పొగ తాగుతారని చెబితే జాడ ఆ గీతలను తీసేసి, మిగిలినవాటిలో వెతుకుతుంది. తాగరని చెబితే వాటిని కూడా కణితివేనని లెక్కిస్తుంది. ఏది నిజమో యంత్రానికి మనిషే చెప్పాలి. తీరాన్ని దృష్టిలో పెట్టుకుని దాన్ని ఎవరూ తయారు చేయలేదు. అది నేర్చుకున్న వేల నమూనాల్లో అడ్డచుట్ట తాగిన మనిషిది ఒక్కటీ లేదు. కొర్లమ్మ గీతల్లో కొన్ని సిగరెట్ తాగేవారి గీతలతో కలవలేదు. నిప్పు వేడి నేరుగా లోపలికి వెళ్ళడం వల్ల అలా ఉండవచ్చని ఆ తర్వాత అనుకున్నారు. అప్పుడు వైదేహికి అదొక అనుమానంగా మాత్రమే కనిపించింది.

ఆమె నూకరత్నాన్ని పిలిపించింది. కొర్లమ్మ గది బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు తెరిచే ఉంది.

"రత్నం గారూ, మరోసారి అడుగుతున్నాను. అమ్మగారికి పొగ అలవాటు లేదు కదా? మందు ఏదన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది."

మందు ఆధారపడి ఉంటుందన్న మాట నూకరత్నానికి మందు ఇవ్వరన్నట్టు వినిపించింది. ఈ సంగతి తర్వాత ఆమే చెప్పింది.

"లేదు మేడం. కట్టెపొయ్యి మీద వండుతుంది. చిన్నప్పటినుంచీ."

"గ్యాస్ లేదా?"

"ఉంది. చేపల కూర మాత్రం పొయ్యి మీదే వండుతుంది. ఆ పొగే అయ్యుంటుంది."

వైదేహి బెంచీ వైపు చూసింది. కొర్లమ్మ కూతురి వీపు చూస్తోంది. వైదేహి ఆమెను ఏమీ అడగలేదు.

ఫరీద్ కట్టెపొయ్యి లెక్క వేసి మళ్ళీ నడిపించాడు. గీతలు కొంచెం తగ్గాయి.

"ఇంకా ఉన్నయ్ మేడం."

"ఇంటివాళ్ళు రెండుసార్లు చెప్పారు ఫరీద్. మూడోసారి అడిగితే వాళ్ళను అబద్ధాలకోరులన్నట్టు ఉంటుంది."

ఆమె ఆ రీడింగ్‌కు ఆమోదం తెలిపింది. ఆ వరసలో గీత పొడుగ్గా ఉన్న ఒక జన్యువును కణితిని నడిపేదిగా జాడ తేల్చింది. దానికి బజారులో మందు లేదు. అలాంటప్పుడు ఆసుపత్రిలోనే మందు తయారు చేస్తారు. ఆ జన్యువు జోరుగా ఉన్న కణాల్లోకి వెళ్ళి వాటిని చంపే మందు అది. పొగమంచులా పీల్చాలి. ఒక్కసారే ఇస్తారు.

జూలైలో ఇచ్చారు. నర్సు ముసుగు పెట్టగానే కొర్లమ్మ రెండు గుక్కలు పీల్చి, ముసుగు కాస్త పక్కకు జరిపింది.

"సల్లగుంది. పొగ సల్లగా ఉండడం ఇదే సూడ్డం."

"అమ్మా!" అంది నూకరత్నం.

నర్సు నవ్వింది. "పొగ కాదమ్మా, మందు. ముసుగు తీయకు."

మొదటివారం బాగానే ఉంది. కొర్లమ్మ మూల మంచం బెంగుళూరు అమ్మాయికి చేపల పేర్లు నేర్పింది. ఆ అమ్మాయి పలికినప్పుడల్లా పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. రెండోవారం జ్వరం వచ్చింది. తర్వాత దగ్గులో రక్తం పడింది. మంచం దిగి బాత్‌రూమ్ వరకు నడవడానికి ఊపిరి చాలడం లేదు. ఆక్సిజన్ పెట్టారు. స్కాన్‌లో కణితి ఎంత ఉందో అంతే ఉంది. ఊపిరి గొట్టాల లోపలి పొర రెండు వైపులా పుండు పడింది.

వైదేహి స్కాన్ చూసి వార్డుకు వెళ్ళింది. నూకరత్నం అక్కడ లేదు, కింద పళ్ళు కొనడానికి వెళ్ళింది. వైదేహి స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

"ఉన్నాను డాక్టరమ్మా."

"ఏమైనా కావాలా? ఏదైనా తినాలనుందా?"

కొర్లమ్మ తలుపు వైపు చూసింది. "ఒక సుట్ట," అంది.

వైదేహి స్టూలు మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"తాగనులే. ఊపిరే నేదు, తాగుడెక్కడ. సేతిలో ఎట్టుకుంటాను. వాసనకి."

"ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నావమ్మా?"

"పెళ్ళికి ముందునించి. అడ్డసుట్ట. నిప్పు లోపలికెట్టుకుని." ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంది. "బయటికెడితే సముద్రం గాలికి ఆగదమ్మా, ఆరిపోద్ది. నిప్పురవ్వలు సీర మీద పడతాయి. నెత్తి మీద గంపుంటే రెండు సేతులూ గంపకే. మరి సుట్టనెవుడు అట్టుకుంటాడు? అందుకని లోపలికి."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్నడగనేదు గదమ్మా. దాన్నడిగినావు."

కొర్లమ్మ కళ్ళు మూసుకుంది. వైదేహి లేచి మెట్ల వైపు వెళ్ళింది.

అదే సమయంలో కింద గేటు దగ్గర ఆదెమ్మ ఆటో కోసం నిలబడి ఉంది. భర్త పక్కన మూటల మీద కూర్చున్నాడు. రెండోసారి తీసిన ముక్క జాడలోకి ఎక్కింది, మందు తేలింది, ఇంటికి పంపుతున్నారు. నూకరత్నం చేతిలో బత్తాయిల సంచి ఉంది.

"మాత్రలిచ్చారమ్మా. రోజుకొకటి. అప్పుడే దగ్గు తగ్గిందంటన్నాడు," అంది ఆదెమ్మ. "మనం ఊరికే భయపడ్డాంలే. బీడీలని చెప్పినా ఇచ్చారు. ముక్క చాలక లేటయిందంట, అంతే. మీ అమ్మకెట్టా ఉంది?"

నూకరత్నం వెనక్కి తిరిగింది. లిఫ్ట్ కోసం ఆగలేదు. రెండో అంతస్తు మెట్ల మలుపులో వైదేహి ఎదురైంది.

"మేడం, మా అమ్మ..."

"చుట్ట తాగుతుంది."

నూకరత్నం సంచి మెట్టు మీద పెట్టింది.

"తాగినవాళ్ళకి మందివ్వరన్నారు మేడం."

"ఎవరన్నారు?"

"అందరూ."

"ఇస్తాం," అంది వైదేహి. "తాగినవాళ్ళకీ ఇస్తాం. ఏ మందో తెలుసుకోవడానికే అడుగుతాం."

"ఇప్పుడు చెప్తున్నాను కదా. ఇప్పుడివ్వండి."

"ఇస్తాను."

"బతుకుతుందా?"

వైదేహి ఆ మందు ఏం చేసిందో చెప్పింది. కణితిది కాదని తేలిన ఆ జన్యువు ఊపిరి గొట్టాల పొర అంతటా జోరు మీద ఉంది. పొగ దాన్ని లేపింది. మందు తనకు చెప్పిన పనే చేసింది. ఆ జన్యువు కనిపించిన ప్రతి కణాన్నీ చంపింది. పొర తిరిగి పెరుగుతుందా లేదా తెలియదు. ఇంతకుముందు ఎవరికీ ఇలా జరగలేదు.

"నేను చంపుకున్నాను," అంది నూకరత్నం.

"యంత్రం నాకు చూపించింది. ఫరీద్ రెండుసార్లు చెప్పాడు. మీ అమ్మ అక్కడే కూర్చుని ఉంది. నేను అడగలేదు."

కిందినుంచి ఎవరో స్ట్రెచర్ వస్తోంది జరగండి అన్నారు. ఇద్దరూ జరిగారు.

ఆ సాయంత్రం ఫరీద్ దాచి ఉంచిన ముక్కతో రీడింగ్ మళ్ళీ నడిపించాడు. ఈసారి పొగ అలవాటు ఉందని చెప్పాడు. పొగ గీతలు తెర మీద నుంచి పోయాయి. అప్పటిదాకా వాటి మధ్య ఉన్న వేరొక గీత ఒక్కటే మిగిలింది. దాన్ని ఆపే మందు మాత్ర రూపంలో ఉంది. ఆదెమ్మ భర్తకు ఇచ్చింది అదే మాత్ర. ఫార్మసీ నుంచి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కొర్లమ్మ మింగలేకపోతే నూరి, ముక్కులో వేసిన గొట్టం ద్వారా ఇచ్చారు.

నూకరత్నం తల్లికి అంతా చెప్పింది. కొర్లమ్మ కూతురి చేయి పట్టుకుంది.

"నువ్వు సెప్పింది అబద్ధం. నేను పక్కనుండి ఊరుకున్నాను. అది మాత్రం నిజమేటి?" అంది. "ఇద్దరం సరికి సరి. ఏడవకు. ఆ బత్తాయొకటి ఒలు."

"నువ్వు తిననేవమ్మా."

"నువ్వు తిను. నేను సూస్తాను."

నూకరత్నం ఒలిచింది. ఒక తొన నోట్లో పెట్టుకుంది.

"పుల్లగుందా?"

"తియ్యగుంది."

"ఇదైనా నిజం సెప్పు," అంది కొర్లమ్మ.

"పుల్లగుంది."

కొర్లమ్మ ముసుగు లోపల నవ్వింది. ముసుగు మీద ఆవిరి పట్టింది.

ఆ తర్వాతి రోజుల్లో జ్వరం తగ్గుతూ పెరుగుతూ ఉంది. ఆక్సిజన్ పెంచుతూ పోయారు. వైదేహి ఉదయం, సాయంత్రం వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కొర్లమ్మనే అడిగేది. ఆయాసం ఎలా ఉంది, నిద్ర పట్టిందా, నొప్పి ఎక్కడ. కొర్లమ్మ తల ఊపేది, వేలితో చూపించేది. ఒకరోజు ఫరీద్ చార్మినార్ దగ్గర వెతికి ఒక చుట్ట తెచ్చి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. కొర్లమ్మ ముసుగు జరిపించుకుని వాసన చూసింది.

"పాత సరుకు," అంది. "అయినా నీ సెయ్యి సల్లగుండాలి బాబూ."

పదో తేదీ నుంచి మాట లేదు. పదకొండో తేదీ ఉదయం ఊపిరి ఆగింది.

మరణ నివేదిక వైదేహి రాసింది. ఊపిరి గొట్టాల పొర నాశనం కావడం వల్ల మరణం అని రాసింది. యంత్రం పొగ గుర్తులు చూపిందని, తాను రోగి కూతురిని రెండుసార్లు అడిగానని, రోగిని ఒక్కసారీ అడగలేదని రాసింది. నూకరత్నం చెప్పిన అబద్ధానికి కారణమైన పుకారు గురించి కూడా రాసి, దాన్ని తోసిపుచ్చే మాట ఆసుపత్రిలో ఎవరూ ఎవరికీ చెప్పలేదని చేర్చింది. విచారణ ముగిసేదాకా జాడను ఆపేశారు.

శరీరాన్ని పంపేముందు ఊపిరితిత్తులు పరీక్షించడానికి అనుమతి కావాలని వైదేహి అడిగింది. ఇవ్వకపోయినా ఫరవాలేదని కూడా చెప్పింది.

"ఏం తెలుస్తుంది?" అని నూకరత్నం అడిగింది.

"పొర ఎంత పోయిందో. కణితి ఎలా ఉందో."

"చూడండి. ఏం తేలినా ముందు నాకే చెప్పాలి. తగ్గించి చెప్పొద్దు."

అదే రోజు రాత్రి బండి భీమిలికి బయలుదేరింది. పేటలో చేయాల్సినవి చేశారు.

పరీక్ష ఫలితం నెలాఖరులో వచ్చింది. వైదేహి ఫోన్ చేసినప్పుడు నూకరత్నం కాలేజీ ఆఫీసులో ఉంది. ఒక్క నిమిషం అని బయటికి వచ్చి, స్కూటర్లు నిలిపే చోట నిలబడింది.

"చెప్పండి మేడం."

వైదేహి కాగితంలో ఉన్నది చదివింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ గొట్టాల పొర దాదాపు పూర్తిగా పోయింది. తిరిగి పెరిగిన గుర్తులు లేవు.

"మరి కణితి?"

కొర్లమ్మ చనిపోయేనాటికి కణితి సగానికి తగ్గింది. మిగిలిన సగంలోనూ ఎక్కువ భాగం చచ్చిన కణాలే. మాత్ర పని చేసింది.